రానివాళ్ళ చాయ్

చౌడేశ్వరికి అన్నం సయించడం లేదు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకునేది, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసేది.

హాస్టల్లో పక్క మంచం పిల్ల అడిగేది, "ఏమైందే నీకు? ఒళ్ళు బాగలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాది. ఒక లెక్క తెగడం లేదు," అనేది చౌడేశ్వరి.

అది అబద్ధం. లెక్క ఎప్పుడో తెగింది. ఎక్కడా తప్పు లేకుండా తెగింది. ఆమెను లోపల్లోపల తినేస్తున్నది అదే.

పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊరి కాలేజీలో లెక్కల డిగ్రీ నాలుగేళ్ళు. రెండేళ్ళు క్లాసులో చదివాక, మూడో ఏడు ఏదో ఒక ఆఫీసులో చేరి పని చేసి రావాలి. పిల్లలు దాన్ని ప్లేస్‌మెంట్ ఏడాది అంటారు. చదివిన లెక్కలు బయట దేనికి పనికొస్తాయో చూసి రమ్మని పంపడమన్నమాట. ఏడాది చివర, చేసిన పని మీద రిపోర్టు రాయాలి. కంపెనీ వాళ్ళు పని పూర్తయిందని కాగితం ఇవ్వాలి. కాలేజీలో గైడుగా ఉన్న సారు సంతకం పెట్టాలి. అప్పుడే నాలుగో ఏడాదిలో కూర్చోనిస్తారు. లేదంటే ఆ ఏడు గంగలో కలిసినట్టే.

చౌడేశ్వరి అదే ఊళ్ళో అంబులెన్సులు నడిపే ఒక కంపెనీలో చేరింది. ఆమెకు అప్పజెప్పిన పని ఒకటే. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి బండి మనిషి దగ్గరికి చేరేదాకా ఎంతసేపు పడుతుందో చూసి, ఆ సేపు తగ్గించాలి. కొత్త బండ్లు కొనరు. ఉన్న బండ్లనే ఎక్కడ నిలబెడితే బాగుంటుందో చెప్పాలి.

చెప్పింది. బాగా చెప్పింది. అసలే ఆమెది శుభ్రమైన చెయ్యి. క్లాసులో బోర్డు మీద ఆమె లెక్క చేస్తే, తుడవడానికి మిగతా పిల్లలకు మనసొప్పేది కాదు. కంపెనీ వాళ్ళు ఆమెకిచ్చిన సమాచారం చిందరవందరగా ఉంది. ఫోన్ వచ్చిన సమయం, బండి చేరిన సమయం, రెండూ ఉంటేనే ఆ వరుస లెక్కకు పనికొస్తుంది. ఒకటి లేకపోయినా పనికిరాదు. అట్లా ఖాళీలున్న వరుసలు చాలా ఉన్నాయి. చౌడేశ్వరి ముందుగా వాటిని ఏరి పారేసింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరింది. కాలేజీలో అట్లాగే నేర్పిస్తారు. మిగిలిన వాటితో కూర్చుంటే లెక్క నున్నగా నడిచింది.

తుమ్మలకోన క్రాస్ దగ్గర రేకుల షెడ్డులో ఒక బండి ఉండేది. ఆమె లెక్కలో దానికి పనే లేదు. చుట్టుపక్కల నుంచి ఫోన్లు రావు. వట్టిగా నిలబడి ఉంటోంది. దాన్ని తీసుకొచ్చి హైవే మీద పెట్టమంది. పెట్టారు. నెల తిరగకముందే సగటు సమయం దిగిపోయింది.

మేనేజరు ప్రభంజన్ సారు మైసూరుపాకు పెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఏం తల్లీ, ఇన్నేళ్ళుగా మావాళ్ళు మీసాలు మెలేస్తా కూర్చున్నారు. నువ్వొచ్చి కూర్చున్న చోట్నుంచి లేవకుండా చేసేసినావు. నాలుగో ఏడు అయిపోగానే ఇంకో గడప తొక్కొద్దు. నేరుగా ఈడికే రా," అన్నాడు.

చౌడేశ్వరి నాయన మగ్గం నేస్తాడు. ఆ మాట విని వీధంతా చెప్పుకొచ్చాడు. "మా పాప అంబులెన్సులు నడిపిస్తాంది," అన్నాడు. "డ్రైవరుగా చేరిందా?" అని ఎవరో అడిగితే, "కాదప్పా, స్టీరింగు ముట్టుకోకుండా నడిపిస్తాది," అన్నాడు. ఇంట్లో అందరూ ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ తర్వాత ముసురు పట్టింది.

ఒక రోజు పొద్దున పేపర్లో అడుగున చిన్న ముక్క పడింది. తుమ్మలకోన తండాలో శాంతిబాయి అనే ఆమెకు నొప్పులొస్తే, మంచం మీద మోసుకుంటూ కొండ దిగి క్రాస్ దాకా తెచ్చారట. షెడ్డులో బండి లేదు. పని మీద పోయుంటుంది, తిరిగొస్తుందిలే అని అక్కడే కూర్చున్నారట. వానలో చాలాసేపు కూర్చున్నారట. చివరికి టమాటా వ్యాను ఒకటి ఆగింది. అప్పటికే తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

చౌడేశ్వరి ఆ పేపరు పట్టుకుని మేనేజరు గదిలోకి పోయింది. ఆయన కూడా చదివే ఉన్నాడు. ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"పాపం, ఘోరమేలేమ్మా. కానీ ఆ తండా నుంచి మనకు ఫోనే రాదు కదా. లెక్క నువ్వే తీసినావు. ఫోన్ చెయ్యనోళ్ళకు మనమేం చేస్తాం? దేవుడు కూడా పిలిస్తేనే పలుకుతాడు. పో, పోయి రిపోర్టు రాసుకో."

ఆమె రిపోర్టు రాసుకోలేదు. లెక్క మళ్ళీ మొదటి నుంచి చేసింది. అదే జవాబు వచ్చింది. ఇంకో పద్ధతిలో చేసింది. అదే వచ్చింది. ఎక్కడన్నా ఒక తప్పు దొరికితే దాన్ని పట్టుకుని ఏడుద్దామని చూసింది. దొరకలేదు. తన లెక్కలో తప్పు వెతుక్కుని, దొరకలేదని అంతగా కుమిలిన మనిషి ఆ కాలేజీలో అంతకుముందు ఉండి ఉండదు.

చివరికి రిపోర్టు అచ్చు తీయించి, ఒక గురువారం సాయంత్రం ఉస్తాద్ ఇంటికి పోయింది.

ఆయన పేరు మహబూబ్ పీరా. కాలేజీలో లెక్కలు చెప్తాడు, చౌడేశ్వరికి గైడు కూడా ఆయనే. అక్కడ పిల్లలు పీరా సార్ అంటారు. గురువారం సాయంత్రం దర్గా సందులోని ఆయన ఇంటికి పాఠానికి పోయే పిల్లలు మాత్రం ఉస్తాద్ అంటారు. రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆయన నోట్లోంచి మాట రావడం, ఆ ఊళ్ళో కొళాయి నీళ్ళు రావడం ఒకటే అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. వచ్చినప్పుడే పట్టుకోవాలి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పాఠానికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఒక చాప ముక్క. అందరికీ చాయ్. చాయ్‌లో చక్కెర ఎవరికెంత కావాలో ఆయనకు తెలుసు, అడగకుండా వేసి కలిపి ఇస్తాడు. ఎవరన్నా రాకపోయినా వాళ్ళ చాప పరవాల్సిందే. దాని ముందు చాయ్ పెట్టాల్సిందే. అందులోనూ వాళ్ళ చక్కెర వాళ్ళకు వేస్తాడు. పాఠం అయ్యేసరికి ఆ చాయ్ చల్లారి మీగడ కట్టేది. అప్పుడు ఎవరో ఒకరు తీసుకుపోయి పెరట్లో గోరింట మొదట్లో పోసేవాళ్ళు. ఎందుకట్లా అని ఎవరూ అడిగింది లేదు. మా గురువు, మా పీర్, నాకు అట్లా నేర్పించినాడు అని ఒకసారి ఆయనే అన్నాడు, అంతే. పెద్దాయన, అలవాట్లు అట్లా ఉంటాయిలే అని ఊరుకున్నారు.

చౌడేశ్వరి పోయేసరికి ఉస్తాద్ వాకిట్లో పీట మీద కూర్చుని గాజు గ్లాసులు కడుగుతున్నాడు. దర్గా నుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. ఆకాశం మూసుకుని ఉంది.

"వచ్చినావా బేటా," అన్నాడు తల ఎత్తకుండా.

"వచ్చినాను ఉస్తాద్. ముందు ఇది చూడండి." రిపోర్టు ముందుకు చాచింది.

"చేతులు తడిగా ఉండాయి."

"అయితే నేను చెప్తా, వినండి."

మొత్తం చెప్పింది. బండి సంగతి, మైసూరుపాకు సంగతి, మంచం సంగతి, షెడ్డులో కూర్చున్న సంగతి. ఆయన ఒకే గ్లాసును తిప్పి తిప్పి కడుగుతూ విన్నాడు.

"మీరు సంతకం పెట్టకపోయినా పర్లేదు ఉస్తాద్. లెక్క తప్పయితే తప్పని చెప్పండి. ఒప్పయితే ఒప్పని చెప్పండి. రెండింట్లో ఏదైనా సరే, నా నోట్లోకి ముద్ద దిగుతాది."

ఉస్తాద్ గ్లాసు బోర్లించాడు. "చాపలు పరుచు," అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. కానీ ఆ ఇంట్లో ఎదురు చెప్పడం తెలీదు. లోపలికి పోయి చాపలు తెచ్చి పరిచింది. అన్నిటికంటే పైన ఆమెదే ఉంది. ఏడాదిగా ఆమె పాఠానికి వచ్చింది తక్కువ. అయినా దాని మీద దుమ్ము లేదు. అన్నిటికంటే కింద అంచు చిరిగిన చాప ఉంది. అది కుళ్ళాయప్పది. పెన్నకు అవతల పల్లె నుంచి వచ్చే పిల్లవాడు. వానలకు ఏటి మీది కాజ్‌వే కొట్టుకుపోయాక అతను కాలేజీకే రావడం లేదు. దాన్ని కూడా పరిచింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. రెడ్డెప్ప వస్తూనే, "అబ్బో, చౌడక్కా! అంబులెన్సులో వచ్చినావా, నడిచి వచ్చినావా? ఈ ఏడాది నీ చాయంతా గోరింటే తాగింది. దానికిప్పుడు నీకంటే బాగా లెక్కలొస్తాయి," అన్నాడు. వాడి వెనక సలోమి కిసుక్కున నవ్వింది. చౌడేశ్వరి ముఖం చూసి వాళ్ళే నవ్వు ఆపుకుని కూర్చున్నారు.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడకు ఆనించిన చిన్న బోర్డు చూపించాడు.

"ఈ పొద్దు పాఠం చౌడేశ్వరి చెప్తాది. ఇంటి నుంచి ఈడికి రావడానికి ఎవరికి ఎంతసేపు పట్టిందో అడుగు బేటా. సగటు తియ్యి."

"సగటా?" అన్నాడు రెడ్డెప్ప. "అది బళ్ళో పిల్లోళ్ళ లెక్క కదా ఉస్తాద్!"

"నువ్వు ఆ పిల్లోళ్ళ కంటే ముదురా?" అంది సలోమి.

చౌడేశ్వరి సుద్దముక్క తీసుకుంది. ఒక్కొక్కరినీ అడిగింది. సలోమిది చర్చి వీధి, దగ్గరే. ఇంకొకరు బస్టాండు వెనక నుంచి. ఇంకొకరు ఆటోలో. రెడ్డెప్ప దగ్గరికొచ్చేసరికి, "నాకు సైకిలు గాలి పోయింది. గాలి కొట్టించిన సేపు కలపాలా, వద్దా?" అన్నాడు.

"కలపాల్రా. అది కూడా దోవలో జరిగిందే కదా."

"మరి గాలి కొట్టే ఆయనతో కొట్లాడిన సేపు?"

ఆమెకు తెలీకుండానే పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. చాలా రోజుల తర్వాత. తన సమయం కూడా రాసుకుంది. కూడింది, భాగించింది. బోర్డు మీద అంకెలు ఎప్పటిలాగే పేర్చినట్టు కుదిరాయి.

"పావుగంట ఉస్తాద్."

"అంటే?"

"ఈడికి రావడానికి సగటున పావుగంట పడతాది."

"మరీ కష్టపడి వచ్చేవాళ్ళు ఎవరూ లేరా?"

"లేరు ఉస్తాద్. అందరూ దగ్గరివాళ్ళే."

"మంచిది," అన్నాడు ఉస్తాద్. లోపలికి పోయి కెటిల్, గ్లాసులు, చక్కెర డబ్బా తెచ్చాడు.

సలోమికి పోశాడు, ఒక చెంచా. రెడ్డెప్పకు పోశాడు, చెంచా మీద చెంచా మీద చెంచా. చౌడేశ్వరి చాప ముందు పెట్టాడు, చక్కెర చెంచా తాకించీ తాకించకుండా. వరసాఖరున అంచు చిరిగిన చాప దగ్గరికి వచ్చాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. గోడ పట్టుకుని మెల్లగా గొంతుకూర్చున్నాడు. గ్లాసు పెట్టి చాయ్ పోశాడు. రెండు చెంచాలు వేసి, మూడోది సగం వేసి, కలిపాడు. చెంచా గ్లాసుకు తగిలి చిన్నగా మోగింది.

అక్కడే కూర్చుని బోర్డు వైపు చూశాడు.

"ఈయనకు ఎంతసేపు పట్టింది బేటా?"

"కుళ్ళాయప్ప రాలేదు కదా ఉస్తాద్."

"రాలేదు."

"రానోళ్ళకు ఎంతసేపని ఏం రాస్తాము? ఆడ ఖాళీ ఉంటాది. అందుకే వాళ్ళను తీసే..."

మాట అక్కడే ఆగిపోయింది.

సుద్దముక్క ఆమె చేతిలోనే ఉంది. గ్లాసు మీద ఆవిరి సన్నగా లేచి, గాల్లో తేలి, పోయింది. రెడ్డెప్ప నోటి దగ్గరికి తీసుకుపోయిన చాయ్ తాగకుండా పట్టుకుని, అక్క ముఖం వైపు, ఉస్తాద్ ముఖం వైపు మార్చి మార్చి చూశాడు.

ఉస్తాద్ గోడ పట్టుకుని లేచాడు. బోర్డు తుడవలేదు. పిల్లల వైపు తిరిగి, పోయిన వారం ఆపిన పాఠం ఎక్కడ ఆపాడో అక్కడ ఎత్తుకున్నాడు. చౌడేశ్వరి తన చాప మీద కూర్చుంది. పాఠం ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

అంతా అయ్యాక కుళ్ళాయప్ప గ్లాసు ఆయనే తీసి ఆమె చేతికిచ్చాడు. "పోసి రా," అన్నాడు. ఆమె పెరట్లోకి పోయి గోరింట మొదట్లో పోసింది. గ్లాసు అడుగున కరగని చక్కెర కొంచెం మిగిలి ఉంది. నీళ్ళు పోసి అది కూడా కరిగించి పోసింది.

రిపోర్టు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సంతకం అడగలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు ఆమె ఆఫీసుకు పోలేదు. బస్సెక్కి తుమ్మలకోన క్రాస్ దగ్గర దిగింది.

క్రాస్ అంటే ఏముంది, రెండు రోడ్లు, ఒక సోడా బంకు, రేకుల షెడ్డు. పైన కొండ. కొండ మీంచి ఎర్రమట్టి దోవ వానకు కాలవలు పడి దిగుతోంది. షెడ్డులో బండి నిలబడిన చోట నేల మీద నల్లగా ఆయిల్ మరక ఉంది. ఆ మరక మీద నులకమంచం ఒకటి ఉంది. వానకు తడిసి నులక సాగి, నడుమ కుంగిపోయింది.

చౌడేశ్వరి సోడా బంకు దగ్గరికి పోయింది. లోపల ఒక పెద్దామె ఒడిలో చేట పెట్టుకుని చెనక్కాయలు వలుస్తోంది.

"అవ్వా, ఆ మంచం ఎవరిది?"

"శాంతిబాయిది. దాని మీదనే తెచ్చినారు. తిరిగి తీసకపోవడానికి ఎవురికీ చేతులు రాలేదు. ఆడనే ఉండాది."

"వాళ్ళు... ఆ రోజు ఫోన్ చెయ్యలేదా అవ్వా?"

పెద్దామె ఆమెను ఎగాదిగా చూసింది. "ఫోనా? ఆ కొండ మీద ఫోను యాడ పలుకుతాది పాపా? ఎప్పుడూ ఎవురూ చెయ్యలే. ఒళ్ళు బాగలేనోళ్ళను మంచం మీద ఏసుకుని దిగేది, బండి అద్దం మీద ఇట్లా కొట్టేది. డ్రైవరు నిద్రలేసి కూచోబెట్టుకుని పొయ్యేటోడు. అంతే. బండి ఉన్నంతకాలం అదే."

"చానా మంది వచ్చేవాళ్ళా?"

"ఎందుకు రారు? పాములు ఉండాయి, పురుళ్ళు ఉండాయి." చెనక్కాయ పగలగొట్టి గింజలు చేటలో వేసింది. "ఎవురో బాగా చదువుకున్నోళ్ళు లెక్కేసి చూసి బండిని మార్చినారంట. పాపం, వాళ్ళకు మాత్రం ఏం తెలుసు, ఈడికి రాలేదు కదా. ఇంతకీ నువ్వెవురి పాపవు? తండాకు పోవాల్నా?"

చౌడేశ్వరి షెడ్డులో మంచం వైపు తిరిగింది. పెద్దామె గుప్పెడు చెనక్కాయలు తీసి ఆమె చేతిలో పోసింది. "ముఖం పీక్కపొయ్యుండాది. తిను," అంది.

తిరుగు బస్సు వచ్చేదాకా ఆమె షెడ్డులో నిలబడింది. మంచం మీద కూర్చోలేదు.

ఆ తర్వాత జరిగింది చాలా మామూలుగా జరిగింది. ఆఫీసుకు పోయి తను ఏరి పారేసిన వరుసలు మళ్ళీ తెరిచింది. ఫోన్ వచ్చిన సమయం అన్న గడిలో ఖాళీ. ఎక్కడి నుంచి అన్న గడిలో తుమ్మలకోన క్రాస్, తుమ్మలకోన క్రాస్. ఒక్కదాన్ని కూడా వదలకుండా వెనక్కి తెచ్చి పెట్టింది. రిపోర్టు మళ్ళీ రాసి ప్రభంజన్ సారు బల్ల మీద పెట్టింది.

ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. "ఇదేందమ్మా? సమయమే లేని వరుసలు కలిపితే సగటు ఎట్లా వస్తాది?"

"రాదు సార్."

"రాకపోతే రిపోర్టు ఏం రాసినట్టు?"

"అదే రాసినాను సార్. బండి ఆడ ఉన్నింటే తల్లీ బిడ్డా బతికుండేవాళ్ళని కూడా రాసినాను. మార్చమన్నది నేనేనని రాసినాను."

ప్రభంజన్ సారు చెడ్డవాడేమీ కాదు. తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించాడు. "తల్లీ, నీ వయసు కూతురు నాకూ ఉండాది. నీ మంచికే చెప్తాండా. పాత రిపోర్టు ఇయ్యి. కాగితం మీద ముద్ర ఏసి ఇస్తా. ఉద్యోగం మాట కూడా అట్లనే ఉంటాది. దీన్ని పైకి పంపితే నీకు ఏడాది పోతాది, నాకు మాట పడతాది. పోయిన మనిషి తిరిగొస్తాదా?"

"రాదు సార్," అంది చౌడేశ్వరి. "ఇదే పంపండి."

పంపాడో లేదో ఆమెకు తెలీదు. పని పూర్తయిందన్న కాగితం మాత్రం ఇవ్వలేదు. బండి సంగతి అడిగితే పైవాళ్ళు చూస్తున్నారన్నారు. ఇంకో వారం పోయి అడిగినా అదే మాట. షెడ్డు ఇంకా ఖాళీగానే ఉంది. నాయనకు ఫోన్ చేసి, మూడో ఏడు మళ్ళీ చదవాలి నాయనా అని చెప్పింది. అవతల కాసేపు మగ్గం చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆయన, "అన్నం తింటాండావా?" అని అడిగాడు. తింటున్నానంది. ఈసారి అది అబద్ధం కాదు. గొంతులో దిగదు. అయినా తింటోంది.

ఇంటికి పోయి రెండు రోజులు ఉండి వచ్చింది. వచ్చిన వారం గురువారం, సంచి భుజాన వేసుకుని ఉస్తాద్ ఇంటికి పోయింది. ఆయన ఎప్పటిలాగే పీట మీద కూర్చుని గ్లాసులు కడుగుతున్నాడు. వాన వెలిసింది కానీ వెలుతురు రాలేదు.

"సంతకం అక్కర్లేదు ఉస్తాద్. ఏడు పోయింది."

ఆయన చేతులు ఒక్క క్షణం నీళ్ళలో ఆగాయి. "మళ్ళా చేస్తావా?"

"చేస్తాను."

"చాపలు పరుచు," అన్నాడు.

చాపలు పరిచింది. కుళ్ళాయప్ప ఇంకా రాలేదు. అతని చాప కూడా పరిచింది. అప్పుడు సంచిలోంచి ఒక చిన్న పట్ట తీసింది. మగ్గం మీద తెగిపోయి మిగిలిన పోగులన్నీ దాచి వాళ్ళమ్మ నేసే పట్ట. ఒక రంగని లేదు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు, ఎక్కడ పడితే అక్కడ ముళ్ళు. దాన్ని కుళ్ళాయప్ప చాప పక్కన పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో సాపు చేసింది. ముళ్ళు చేతికి తగిలాయి.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. రెడ్డెప్ప కొత్త పట్ట చూశాడు. "అక్కా, కొత్తగా ఎవరు చేరతాండారు? మన ఊరోళ్ళేనా?"

"కాదురా, తుమ్మలకోన," అంది చౌడేశ్వరి. సలోమి వాడి మోచేతి మీద గిల్లింది. వాడు ఊరుకున్నాడు.

ఉస్తాద్ కెటిల్ పట్టుకుని వచ్చాడు. సలోమికి పోశాడు. రెడ్డెప్పకు పోశాడు. అందరికీ పోసుకుంటూ వచ్చి, కుళ్ళాయప్పకు రెండున్నర వేసి కలిపాడు. కొత్త పట్ట దగ్గర ఆగాడు. ఎవరిదని అడగలేదు. లోపలికి పోయి ఇంకో గ్లాసు తెచ్చాడు. కడిగిన గ్లాసే, అయినా మళ్ళీ కడిగాడు. గోడ పట్టుకుని మెల్లగా గొంతుకూర్చుని, పట్ట ముందు గ్లాసు పెట్టి, నిండా పోశాడు. చక్కెర డబ్బా మూత తీశాడు. చెంచా చేతిలో పట్టుకుని చౌడేశ్వరి వైపు చూశాడు.

"ఈమె చక్కెర ఎంత ఏసుకుంటాది?"

చౌడేశ్వరి తెలీదన్నట్టు తల ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

ఉస్తాద్ చెంచా డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"కనుక్కొని రా," అన్నాడు.